ఢిల్లేశ్వరరావు పిక్కలు

మా ఆయన పేరు ఢిల్లేశ్వరరావు.
ఏ మొక్కు తీరిందని వాళ్ల నాయనమ్మ ఆ పేరు పెట్టిందో గాని
ఢిల్లీ ఆయన్ని ఎరగదు,
ఇచ్ఛాపురం దాటి ఆయనా ఎరగడు.

మందసకవతల ఎకరన్నర జీడితోట.
పట్టా నా పేరునుంది.
తుపాను పీకేయగా మిగిలినవి ముప్పయ్యేడు చెట్లు.
పూత కాలంలో చీకటితోనే లేచి
కొమ్మకొమ్మకీ చెయ్యానించి మంచు చూస్తాడు,
జ్వరమొచ్చిన గుంటకి నుదురు చూసినట్టు.

నేను కాశీబుగ్గలో పిక్క కొడతాను.
ఆరున్నరకి ఆటో. తొమ్మిదిమందిమి, తొమ్మిది కేరేజీలు,
ఆముదం సీసా ఒక్కటే.
అందరం దాంట్లోంచే చేతులకి రాసుకుంటాం.
అయినా జీడి కాలుస్తాది.
గుండు నిలిస్తే ఒక రేటు,
బద్దయితే ఒక రేటు,
ముక్కయితే మేస్త్రీ చూపు.

ఈ ఏడు మా పిక్కలకి
బస్తా ఎనిమిది వేలన్నాడు షావుకారు.
బస్తా అంటే ఎనభై కేజీలు, ఆయన కాటా మీద ఎనభై రెండు.
ఆ రెండూ ఏటి బాబూ అంటే
తేమ అన్నాడు.
పోయినేడు కంటే ఇంత తక్కువేటి అంటే
"రేటు నేను కట్టలేదమ్మా, ఓడ కట్టింది."

ఆ ఓడ మర్నాడు నా పీట ముందరే దిగింది.
సంచి మీద నాకు రాని అక్షరాలు.
ఇంటరు తప్పిన దమయంతి కూడబలుక్కుని చదివింది:
బెనిన్.
మా పిక్క కంటే చిన్నది, నలుపు.
కొట్టి చూస్తే లోపల అదే పప్పు, అదే వంపు,
ఎవరేటి చెబుతారోనని ఒగ్గిన చెవిలాగ.
మూతి కుట్టిన దారం నీలంది. కొంగున ముడేసుకున్నాను.
అక్కడ దాన్ని కుట్టిందాన్ని
రేటెంత కావాలని ఎవరైనా అడిగేరో లేదో.

వైశాఖంలో రైతుసంఘం పలాస రోడ్డెక్కింది.
బయటి పిక్క మీద సుంకం పెంచాలి,
బస్తాకి పదహారు వేలు కట్టించాలి.
ముందు వరసలో మా ఆయన,
ఎండకి తువ్వాలు, చేతిలో జెండా కర్ర.

ఆ రోజే ఫ్యాక్టరీలో మేస్త్రీ ఒక కాగితం తిప్పేడు.
"సుంకం పెరిగితే ఓడ రాదు.
ఓడ రాకపోతే బాయిలరు ఆరిపోద్ది.
మీ తోటల పిక్కలు మూడు నెలలకి సరిపోతాయా?
తగ్గించమని అర్జీ. వెయ్యండి."
సరిపోవు. నాకు తెలుసు.
మా వాడి కాలేజీ ఫీజు ఆ మిగతా తొమ్మిది నెలల్లో ఉంది.
వేలు ముంచి వేసేను.
గీతల్లేని నల్ల మచ్చ పడింది.
ఎవరూ వంక పెట్టలేదు.

రాత్రి ఆయన గొంతు రాసుకుపోయి ఉంది.
గంజి వేడిచేసి ఇచ్చేను.
చెప్పలేదు.

తరవాత పంట నమోదన్నారు.
పేరెక్కితేనే సర్కారు రేటొచ్చినా, సాయమొచ్చినా.
కేంద్రంలో గాజుబిళ్ల మీద వేలు పెట్టేను. ఎర్ర లైటు.
"ఇంకో వేలమ్మా."
ఎర్రదే.
పది వేళ్లూ అయ్యేయి.
పదకొండేళ్లు జీడి తిన్న వేళ్లు,
దేశాలు దాటే పప్పుకి దారిచ్చి
నేనెవరో చెప్పడం మానేసిన వేళ్లు.

వెనకనుంచి ఆయన మెల్లిగా అన్నాడు:
"అర్జీ మీద ఏ వేలికి ఒప్పుకున్నారో
ఆ వేలే పెట్టు."

తల తిప్పలేకపోయేను.
తువ్వాలు కొస తడిపి
నా బొటనవేలు తుడిచేడు, వెలుగుకి పెట్టి చూసేడు
చీకటితో లేచి పూత చూసినట్టే.
బిళ్ల మీద తనే ఆనించేడు.

ఎర్ర లైటు.

"రేపు రండి, సర్వరు ఢిల్లీలో ఆగిపోయింది" అన్నాడు కుర్రాడు.
చీటీ మీద రాసుకోడానికి పేరడిగేడు.
ఆయన చెప్పేడు.
కుర్రాడు తలెత్తి ఒకసారి చూసి
నవ్వేసేడు.
ముందు ఆయన, తరవాత నేను,
మేమూ నవ్వేం.